పది అంగుళాల పంతం

ఆ ఆదివారం ఉదయం అలివేలుమంగ వేసుకున్న పథకంలో లోపమేమీ లేదు. జమ్మలమడుగులో ఎనిమిది గంటల బస్సెక్కడం, తొమ్మిదికల్లా ప్రొద్దుటూరులో దిగడం, జమీర్ దుకాణంలో చిన్న ల్యాప్‌టాప్ కొనడం, పన్నెండుకు ఇంటికొచ్చి చారు పెట్టుకోవడం. పథకంలో భర్తను కూడా చేర్చుకోవడమొక్కటే ఆమె చేసిన పొరపాటు.

ఆ ల్యాప్‌టాప్ వెనక పన్నెండేళ్ల కథ ఉంది. డిగ్రీ చదివేటప్పుడు నేర్చుకున్న తెలుగు టైపు పెళ్లయ్యాక వేళ్లలోనే ఉండిపోయింది. ఊరగాయ జాడీలకు చీటీలు అంటించడానికి టైపు అక్కర్లేదు గదా! ఇన్నాళ్లకు ప్రొద్దుటూరులో ప్రెస్సు నడిపే ఖమ్రున్నీసా ఆమెకు పని ఇస్తానంది. పెళ్లి పత్రికలూ బడి ప్రశ్నపత్రాలూ ఇంట్లోనే కొట్టుకుని తేవాలి. షరతు ఒక్కటే. సోమవారం పొద్దున సొంత మిషనుతో ప్రెస్సులో కనబడాలి, లేకుంటే మైదుకూరులో ఇంకో అమ్మాయి సిద్ధంగా ఉంది. వారానికి మూడుసార్లు బస్సులో మోయాలి. సీటు దొరక్కపోతే ఒక చేత్తో కమ్మీ పట్టుకుని నిలబడాలి. కాబట్టి చేతిసంచిలో పట్టే పది అంగుళాలదే కావాలి. ఆమె లెక్క అంత సూటిగా ఉంది.

మండలాఫీసులో గుమాస్తాగా పనిచేసే బాలసుబ్బయ్య లెక్క వేరు.

"రెండింటి ధరా ఒకటేనంట గదే! అవే దుడ్లకు పదైదు అంగుళాలది వస్తాంటే పదిది ఎవురైనా తీసుకుంటారా? చీర జానెడు తక్కువిస్తే ఊరుకుంటావా నువ్వు?"

"చీర కట్టుకుంటామండీ. సంకలో పెట్టుకోని ప్రొద్దుటూరుకు మొయ్యం."

బాలసుబ్బయ్య ఉగ్గాని తింటూ గుటక మింగాడు. ఆ గుటక ఉగ్గానిది కాదని అలివేలుమంగకు తెలిసిపోయింది.

"ఏం చేసినారు?"

"ఏం లేదే. నిన్న ఆఫీసులో మాట వరసకు పుల్లన్నను అడిగినా."

జమ్మలమడుగులో ఆ రోజుల్లో పుల్లన్నది ఒక పార్టీ, సంజీవయ్యది ఇంకో పార్టీ. ఒకాయన ప్రహరీ రెండు వరసలు లేపితే ఇంకొకాయన మూడు వరసలు లేపేవాడు. అలా లేపీ లేపీ చివరికి ఇద్దరిళ్లలోకీ ఎండ రావడం మానేసింది. వాళ్ల మధ్య బతికే గుమాస్తాలకు ఒకటే సూత్రం. ఒకరికి చెప్పింది ఇంకొకరికీ చెప్పాలి, అదీ అదే పూట. బాలసుబ్బయ్య తన పెళ్లి పత్రికలను సైతం రెండు సైకిళ్ల మీద ఒకే నిమిషానికి ఇద్దరి గడపలకూ చేర్చినవాడు.

"పుల్లన్న ఏమన్నాడు?"

"'ఆడకూతురు మోసేది గదా సామీ, చిన్నదే తీసుకో' అన్నాడు."

"బుద్ధున్న మనిషి. ఆడికి ఆపినారు గదా?"

"ఆపితే బాగుంటాదా? సంజీవయ్యనూ అడిగినా. ఆయన ఒకటే మాట, 'పుల్లన్న ఏమన్నాడు?' అన్నాడు. చెప్పినా. 'అయితే పెద్దది' అన్నాడు."

"ఆయన ల్యాప్‌టాపును ఎప్పుడైనా చూసినాడా?"

"దాంతో పనేముందే!"

వాళ్లు బస్టాండు చేరేసరికే సంగతి రాత్రికి రాత్రి ఊరంతా పాకిపోయి ఉంది. టీకొట్టు దగ్గర పందాలు నడుస్తున్నాయి. బస్సులో కండక్టరు టికెట్టు చింపుతూ బాలసుబ్బయ్య చెవిదగ్గర వంగి, "చిన్నదే గదా సామీ?" అన్నాడు. బాలసుబ్బయ్య తల ఊపాడు. వెనక సీట్లోంచి ఒక పంచె కట్టినాయన దగ్గి, "పెద్దదే గదా సామీ?" అన్నాడు. బాలసుబ్బయ్య అటు తిరిగి కూడా తల ఊపాడు. ఆ రెండు ఊపులూ సెల్‌ఫోన్లలో బస్సు కన్నా ముందు ప్రొద్దుటూరు చేరాయి.

వీళ్లు వెళ్లేసరికి జమీర్ దుకాణం ముందు రెండు సుమోలు ముక్కూ ముక్కూ ఆనించుకుని నిలబడి ఉన్నాయి. ఒక దాంట్లో పుల్లన్న మనుషులు, ఇంకో దాంట్లో సంజీవయ్య మనుషులు. ప్రొద్దుటూరు బజారుకు ఒక అలవాటుంది. రెండు సుమోలు ఎదురెదురుగా ఆగితే ఎందుకని ఎవరూ అడగరు. ముందు షట్టర్లు దించి, లోపల కూర్చుని తీరిగ్గా అడుగుతారు. మొదట బంగారం అంగళ్లు మూతపడ్డాయి. తర్వాత బట్టల అంగళ్లు. ఆఖరుకు వీధి చివర పూలమ్మే అవ్వ కూడా గంప మీద గోనెపట్టా కప్పి, దాని మీద తాను కూర్చుంది.

అలివేలుమంగ భర్తను చేయి పట్టి సగం దించిన షట్టరు కింద నుంచి లోపలికి లాగింది. అంతలో ఫోను మోగింది. పులివెందుల నుంచి మేనత్త మంగమ్మ.

"అమ్మీ, ప్రొద్దుటూరులో గొడవలంట! మీరు ఇల్లు కదలొద్దండి!"

"ఆ గొడవ మేమే అత్తా. మళ్లీ చేస్తా."

వెనకే ఒక ఎస్సై వంగి లోపలికి వచ్చాడు. "గొడవ దేనికి?"

"అంగుళాలకు సార్," అన్నాడు బాలసుబ్బయ్య. "పదా, పదైదా అని."

"అంటే తేడా ఐదంగుళాలేనా! ఐదంగుళాలకు ఇంతమందా?" ఎస్సై నిట్టూర్చి తన పుస్తకంలో 'గట్టు తగాదా' అని రాసుకుని, సర్వేయరుకు ఫోను చేయడానికి బయటికి వెళ్లాడు.

జమీర్ రెండు చేతులూ జోడించాడు. "అమ్మా, మీకు దండం పెడతా. చిన్నదిస్తే పెద్దపార్టీ నా అద్దాలు పగలగొడ్తాది. పెద్దదిస్తే చిన్నపార్టీ పగలగొడ్తాది. నేను ఏదీ అమ్మను. పోయి రాండి."

"పోదాం పదవే," అన్నాడు బాలసుబ్బయ్య, ఇంతకన్నా మంచి తీర్పు ఉండదన్నట్టు. "నెల పోయినాక సూద్దాం."

నెల పోయాక మైదుకూరు అమ్మాయి ఖమ్రున్నీసా ప్రెస్సులో పాతకాపు అయిపోతుంది. అలివేలుమంగ కదల్లేదు. దుకాణమంతా ఒకసారి కలియజూసింది. అద్దాల బీరువాలో పదిహేను అంగుళాలది తెరిచి పెట్టి ఉంది.

"దీని పెట్టె యాడ పెట్టినావు జమీర్?"

"మూలనుందమ్మా. ఖాళీది."

"దాన్ని ఇట్లియ్యి. ఆ పెద్దదాన్ని తీసి బల్ల కింద దాయి. చిన్నదాన్ని దాని పెట్టెతో సహా ఈ పెద్ద పెట్టెలోకి దించు. సందుల్లో పాత పేపర్లు కుక్కు. ఊపినా చప్పుడు రాకూడదు."

జమీర్ ఆమె వంక ఒక్క క్షణం చూసి పేపర్లు వెతకడం మొదలుపెట్టాడు. పని అయ్యాక ఆమె పెట్టెను భర్త భుజానికెత్తింది.

"బరువుగా మోయండి."

"బరువు లేదు గదే!"

"ఆఫీసులో శానా పనుందని నాతో చెప్పేటప్పుడు పెడతారే, ఆ మొగం పెట్టండి."

బాలసుబ్బయ్యకు ఆ ముఖం అలవాటే. షట్టరు లేచింది, పెద్ద పెట్టె బయటికొచ్చింది. సంజీవయ్య సుమోలోంచి ఈలలు లేచాయి, ఒకడు తువ్వాలు గిరగిరా తిప్పాడు. పుల్లన్న సుమో చప్పుడు చేయకుండా వెనక్కి తిరిగింది. అవ్వ గంప మీద నుంచి లేచింది. బజారు తెరుచుకుంది. రావలసిన సర్వేయరు మాత్రం గొలుసు తీసుకుని సాయంత్రం దాకా గట్టు కోసం వెతికాడని తర్వాత తెలిసింది.

ఆ సాయంత్రమే పుల్లన్న ఒంటరిగా వాళ్లింటికి వచ్చాడు. మీసాలు కిందికి దిగి ఉన్నాయి.

"సామీ, నా మాటకు ఇంతేనా విలవ? నేనేం ఆస్తి అడిగినానా?"

బాలసుబ్బయ్య పెరటి తలుపు వైపు చూశాడు. అలివేలుమంగ కాఫీ ఇచ్చి, వంటింట్లోంచి చిన్న ల్యాప్‌టాప్ తెచ్చి పుల్లన్న ముందు పెట్టింది.

"మీ మాట దాటుతామా అన్నా? పెట్టె మాత్రమే వాళ్లది. లోపలుండేది మీ మాటే."

పుల్లన్న ల్యాప్‌టాపును చూశాడు. బీరువా మీదున్న పెద్ద పెట్టెను చూశాడు. మీసాలు మెల్లగా పైకి లేచాయి. "అంటే ఆ సంజీవయ్య ఈలలేసింది అట్టపెట్టెకా!" అని కాఫీ ఒలికేటట్టు నవ్వాడు.

"బయట చెప్పొద్దన్నా."

"సచ్చినా చెప్పను తల్లీ. చెప్తే మజా పోతాది."

సోమవారం అలివేలుమంగ ప్రెస్సుకు వెళ్లింది. బస్సులో సీటు దొరకలేదు. ఒక చేత్తో కమ్మీ, భుజాన సంచీ, సంచిలో మిషను. ఖమ్రున్నీసా దాన్ని అటూ ఇటూ తిప్పి చూసి, "ఇంత చిన్నదాంట్లో ప్రశ్నపత్రం పడ్తాదా?" అంది. "చిన్నదైతేనే పిల్లోళ్లకు సంతోషం అక్కా," అంది అలివేలుమంగ. మూడు పెళ్లి పత్రికలూ ఏడో తరగతి లెక్కల పరీక్షా చంకన పెట్టుకుని ఇంటికొచ్చింది.

మంగళవారం పొద్దున ఆమె పెళ్లి పత్రికలో వరుడి ఇంటిపేరు కొడుతుండగా, చెప్పాపెట్టకుండా సంజీవయ్య గడపలోకొచ్చాడు. బల్ల మీద పది అంగుళాలది తెరిచే ఉంది. దాచడానికి వేళలేదు. బాలసుబ్బయ్యకు కళ్ల ముందు మారుమూల చక్రాయపేట కనబడింది. ట్రాన్స్‌ఫర్ అంటే ఆయనకు ఎప్పుడూ చక్రాయపేటే కనబడుతుంది.

సంజీవయ్య ల్యాప్‌టాపును చూశాడు, బీరువా మీది పెట్టెను చూశాడు. వెనకున్న మనుషులను బయటికి పంపి, తలుపు దగ్గరికి వేసి, గొంతు తగ్గించాడు.

"అమ్మా, ఒక సాయం కావాల. మా పాప ప్రొద్దుటూరులో కాలేజీకి పోతాంది గదా. పెద్దది నేను మొయ్యను, చిన్నదే కావాలని ఒకటే ఏడుపు. ఊరంతా పెద్దది పెద్దదని తిరిగినోణ్ని, నా గడపలోకి చిన్నది యెట్ల తెచ్చుకునేది? జమీర్‌ను గట్టిగా పట్టుకుంటే మీ పెట్టె సంగతి చెప్పినాడు." ఒకసారి తలుపు వైపు చూసి, "రెండు దినాలు ఇస్తారా?" అన్నాడు.

"దానికేం భాగ్యమన్నా!" అంది అలివేలుమంగ. బీరువా మీద నుంచి పెట్టెను తానే దించి ఇచ్చింది. "పేపర్లు కూడా లోపలే ఉండాయి. చప్పుడు రాదు."

ఆ తర్వాత రెండు పార్టీల పెళ్లి పత్రికలూ కరపత్రాలూ ఆమె బల్ల మీదికే రావడం మొదలైంది. మాట నెగ్గింది తనదేనని పుల్లన్నకూ, ఊరి ముందు పరువు నిలిచింది తనదేనని సంజీవయ్యకూ విడివిడిగా తెలుసు కాబట్టి పేచీ రాలేదు. ఒక్క పుల్లన్నే ఆ నెలాఖరున దిగులుగా వచ్చి కూర్చున్నాడు, కొడుకు పెద్దదే కావాలని అన్నం మానేశాడట. సాయం చేయడానికి అలివేలుమంగకు అభ్యంతరమేమీ లేదు, చిన్నదాని పెట్టె కూడా ఇంట్లోనే భద్రంగా ఉంది. కానీ అందులో పెద్దది పట్టదు.