లేవి మనోడేనా?

కల్లూరులోని లోకబాంధవ ఉచిత ఆసుపత్రిలో రోగుల పాత, కొత్త వివరాలన్నీ ఇకమీదట కంప్యూటరులోనే ఉంటాయని, కాగితాలకు కాలం చెల్లిందని 2008 జనవరిలో కమిటీవారు సగర్వంగా ప్రకటించారు. ఆ ప్రకటనను నాలుగువేల కరపత్రాలుగా అచ్చేయించి ఊరంతా పంచారు.

సాఫ్టువేరు ఉచితమే. పేదదేశాల ఆసుపత్రుల కోసం ఎక్కడెక్కడివాళ్లో కలిసి రాసి, లోపలి రాత కూడా దాచుకోకుండా లోకానికి ఇచ్చేసిన సరుకు అది. దాన్ని నడిపే భారం ఆపరేటరు సుచరితది. సుచరితకు పెళ్లయి ఇరవై మూడు రోజులు. ఆ రోజుల్లో ఆమెకు నచ్చనిదంటూ ఏదీ లేదు. షేర్ ఆటోలో పదిమంది ఇరుక్కుంటే భర్త కిరణ్‌కుమార్ మోచేయి తన మోచేతికి తగిలేది, అది నచ్చింది. అతను పసుపు గుమ్మరించి చేసిచ్చిన బొరుగుల ఉగ్గాని నచ్చింది. కంప్యూటరు తెరమీద మిణుకుమిణుకుమనే గీత తనకే కన్ను కొడుతున్నట్టుండి, అదీ నచ్చింది.

బుధవారంనాడు గురమ్మ వచ్చింది. కోసిగి నుంచి కల్లూరికి ఇటుకల పనికొచ్చి, ఇక్కడే క్షయకు మందులు మింగుతున్న మనిషి. ఇప్పుడు మేస్త్రీ వెంట గుంటూరు మిరపకోతకు పోతోంది.

"నాలుగు నెల్లు మింగినానమ్మా. ఈడ మింగినట్టు కాగితం ల్యాకపోతే ఆడ మళ్లా మొదట్నుంచి మింగమంటారంట. శుక్రవారం మధ్యాన్నం లారీ ఉండాది."

"అయిదు నిమిషాలు కూర్చో గురమ్మా" అని సుచరిత మీట నొక్కింది. ప్రింటరు కదల్లేదు. తెరమీద ఇంగ్లీషులో ఒక మాట వచ్చింది: సమస్య ఉంటే కమ్యూనిటీని సంప్రదించండి.

ఆమె ఆ మాటను ఉన్నదున్నట్టు కమిటీ అధ్యక్షులు, ప్రముఖ వస్త్రవ్యాపారి శ్రీ రాఘవేంద్రప్రసాద్ గారికి విన్నవించింది. "దీనికి కంపెనీ అంటూ లేదు సార్. కమ్యూనిటీనే సపోర్టు చేస్తుందంట."

ఆయన కళ్లద్దాలు తీసి, తుడిచి, మళ్లీ పెట్టుకున్నారు. "ఏ కమ్యూనిటీ?"

ప్రశ్న సబబైనదే. బడిలో చేరిననాటి నుంచి ఆయన పూర్తిచేసిన ప్రతి దరఖాస్తులోనూ తండ్రి పేరు తర్వాతి గడి అదే.

"అందరిదీ సార్."

"అందరిదీ అంటే ఎవరిదీ కాదనే గదమ్మా! పేరు దాస్తాండారంటే ఏదో మతలబుండాది."

గురువారం అత్యవసర సమావేశం జరిగింది. కమిటీ కార్యదర్శి, బేతంచెర్ల బండల వ్యాపారి శ్రీ ఓబుళేశు గారు గంభీరంగా ఉపన్యసించారు. "సాఫ్టువేరుకు కష్టమొస్తే మా కమ్యూనిటీ చూస్తా కూచోదు! ఈ ఆసుపత్రికి బండలు పరిపిచ్చింది ఎవరప్పా? మేము! రేపు సాఫ్టువేరుకైనా పరిపిస్తాము!" సాఫ్టువేరుకు బండలెక్కడ పరచాలని ఎవరూ అడగలేదు. అధ్యక్షులవారు ఒక మెట్టు పైకి వెళ్లి, తమవారి తరఫున కంప్యూటరుకు శాలువా కప్పారు. దాంతో గాలి ఆడక అది కాసేపు ఆగిపోయింది.

ఈలోగా సుచరిత ఆ సాఫ్టువేరువాళ్లందరికీ చేరేలా ఒక ఈమెయిలు రాసింది. సమావేశంలో టీలు పూర్తయ్యేలోపే జవాబొచ్చింది. రాసినవాడు లేవి, యుగాండాలో ఒక ఆసుపత్రి ఉద్యోగి. మాకూ ఇదే చిక్కొచ్చిందని, ఫలానా వరుసలో ఫలానా అక్షరం మార్చమని రాశాడు. మార్చింది. ప్రింటరు మూలిగి, గురమ్మ నాలుగు నెలల్నీ ఒక్క కాగితంమీద బయటపెట్టింది. సుచరిత చప్పట్లు కొట్టింది.

అయితే అధ్యక్షుల ముద్ర, కార్యదర్శి సంతకం లేని కాగితం కాగితం కాదు. మరమ్మతు చేసినవాడి కమ్యూనిటీ తేలేవరకు ముద్ర వేయరాదని సమావేశం ఏకగ్రీవంగా తీర్మానించింది. తమరి కమ్యూనిటీ తెలుపగలరని అధ్యక్షులవారి పేరుతో లేవికి లేఖ పోయింది.

శుక్రవారం పొద్దున జవాబు: "మీదే. మనందరిదీ ఒకటే కమ్యూనిటీ గదా!"

అధ్యక్షులవారు మొదటి మాట దగ్గరే ఆగి, లేచి నిలబడ్డారు. "మీదే అన్నాడు! లేఖ కింద పేరు నాది. అంటే లేవి మనోడే! మనోళ్లు యుగాండా దాకా పోయినారు, చూసినారా!"

"యాడప్పా!" అన్నారు ఓబుళేశు గారు. "లేఖ పోయింది ఆసుపత్రి నుంచి. ఆసుపత్రి నిలబడిండేది మా బండల మీద. లేవి మావోడు."

పన్నెండు గంటలకల్లా ఆసుపత్రి ముందు లేవికి అభినందనలు తెలుపుతూ రెండు ఫ్లెక్సీలు లేచాయి. అతని ఫొటో దొరకలేదు కాబట్టి ఒకదానిమీద అధ్యక్షులవారిది, రెండోదానిమీద కార్యదర్శివారిది వేయించారు. లోపల వాదన ముదిరింది. బయట గురమ్మ మూట చంకన పెట్టుకుని గుమ్మంవైపు, గేటువైపు చూస్తోంది. మేస్త్రీ లారీ హారన్ కొట్టింది.

"పోతానమ్మా, లారీవోళ్లు ఇంక నిలబడర్లే" అంది. "మొదట్నుంచే మింగుతాలే."

సుచరితకు పెళ్లయ్యాక మొదటిసారి ఒక విషయం నచ్చలేదు.

ఆమె కాగితం తీసుకుని తిన్నగా సమావేశంలోకి వెళ్లి, అధ్యక్షులవారి చెవి దగ్గర వంగింది. "గురమ్మ మనోళ్లే సార్."

ముద్ర ఠప్పున పడింది.

బల్ల చుట్టూ తిరిగి వెళ్లి కార్యదర్శివారి చెవిలోనూ అదే మాట చెప్పింది.

"ముందే చెప్పల్ల గదమ్మా! పాపం, ఎంతసేపు నిలబెట్టినావు!" సంతకం పడింది.

కాగితం కొంగున ముడేసుకుని గురమ్మ లారీ ఎక్కింది. సుచరిత గేటుదాకా పరుగెత్తి చెయ్యి ఊపింది.

ప్రస్తుతం ఆ ఆసుపత్రిలో ఏ చిక్కూ లేదు. రోజుకు నూటఇరవైమంది వస్తారు. నూటఇరవైమందీ అధ్యక్షులవారి వాళ్లే, ఆ నూటఇరవైమందే కార్యదర్శివారి వాళ్లు కూడా. సేవలు చురుగ్గా అందుతున్నాయి.

గురమ్మది నిజంగా ఏ కమ్యూనిటీయో సుచరిత అడగలేదు. మీరూ అడగలేదు. మీరు మర్యాదస్తులు, ఒకరిని అడిగేవాళ్లు కాదు. పేరు చదవగానే మనసులోనే తేల్చేసుకున్నారు.