చింతగింజల గుట్ట మీద నక్క

ఒక పెద్ద అడవిలో అన్నీ ఉన్నాయి గానీ అణువుల గుట్టు తేల్చే అణుశాల ఒక్కటి లేదని సింహానికి దిగులు పట్టుకుంది. పక్క అడవిలో ఉందట మరి. వెంటనే ఒక మెరిసే రాయిని తెప్పించి, చుట్టూ పందిరి వేయించి, దాన్నే అణుశాల అన్నారు.

ఆ రాయి ఎందుకు మెరుస్తుందో ఎలుగమ్మ ఏళ్ల తరబడి పక్కనే కూర్చుని చూసింది. "రాయంతా అణువులు. ఒక్కో అణువు నడుమ గింజలాంటిది ఉంది. ఆ గింజ విరిగినప్పుడల్లా కాస్త వెలుగొస్తుంది. విరగాల్సినవి తరిగేకొద్దీ వెలుగూ తరుగుతుంది" అంది. అని ఊరుకుంది.

నక్కబావ ఆ పందిరి కిందికి ఒక్కసారి కూడా రాలేదు. ఎండలో పడుకునే, "ఈ రాయి ఎన్నటికీ ఆరదు" అని తేల్చేశాడు.

అణుశాలలో ఒక ఆచారం ఉంది. ఎవరేం చెప్పినా ముందు ఆ సంగతి చెప్పిన పెద్దల పేరు తలవాలి. పేరు వినబడగానే చూరున కూర్చున్న చిలక వాళ్ల కుప్పలో ఒక చింతగింజ పడేస్తుంది. తొలకరి నాటికి ఎవరి కుప్ప పెద్దదైతే వాళ్లే అణుశాల పెద్ద. పెద్దకి సింహం వేటలో మొదటి వాటా.

నక్కబావకి పళ్లు అరిగిపోయాయి. సొంతంగా వేటాడలేడు. ఆ వాటా దక్కకపోతే పస్తే. అందుకని కోతిబావనీ కాకమ్మనీ పక్కకి పిలిచాడు.

"కోతిబావా, నువ్వు నా పేరు తలువు. కాకమ్మ నీ పేరు తలుస్తుంది. నేను కాకమ్మ పేరు తలుస్తా."

"అప్పుడు ముగ్గురివీ సమానమేగా?" అంది కాకమ్మ.

"మీరిద్దరూ నా పేరు ఇంకోసారి కూడా తలవండి. వాటాలో బొమికలు నీకే కాకమ్మా."

"బొమికలేనా?"

"మూలుగ ఉంటుంది లేవే."

"నాకు బొమికలెందుకు?" అన్నాడు కోతిబావ.

"నీకు నా పక్కన పీట."

ఇంక చూస్కోండి. కాకమ్మ గొంతు సవరించుకున్నా "నక్కబావ చెప్పినట్టు" అనేది. కోతిబావ వీపు గోక్కున్నా "నక్కబావ తేల్చినట్టు" అనేవాడు. చిలకకి రెక్కలు నొప్పులు పుట్టాయి. ఎలుగమ్మ కుప్ప దోసిట్లో పట్టేది. నక్కబావ కుప్ప ఎక్కాలంటే నిచ్చెన కావాలి.

"చిలకా, వాళ్లేం చెబుతున్నారో వింటున్నావా?" అని అడిగింది ఎలుగమ్మ.

"నా పని పేరు వినడమే తల్లీ. సంగతి వినడానికి మహారాజుని వేరే పిట్టని పెట్టుకోమను."

తొలకరి రాగానే సింహం నక్కబావ మెడలో దండ వేసింది. "ఇంత గుట్ట ఉందంటే రాయి ఆరదన్న మాట నిజమే" అని రాయిని తన గుహకి మార్పించుకుంది. గుహకి వెలుగొచ్చే కంతలన్నీ ఇంకెందుకని మట్టితో మూయించేసింది.

గుట్టని చూసి రాయి మెరుస్తుందా? ఏటికేడూ మసకబారుతూ వచ్చింది. ఒక ముసురు నాడు గుహ పట్టపగలే చీకటైపోయింది. సింహం భోజనానికి లేచి, గుమ్మంలో పడుకున్న ముళ్లపంది మీద కాలేసింది.

ఆ అరుపుకి అడవంతా పరుగెత్తుకొచ్చింది.

"రాయి ఆరదన్నదెవడ్రా?"

"నేను సొంతంగా అన్లేదు మహారాజా. కాకమ్మ అంది" అన్నాడు నక్కబావ.

"నాకు కోతిబావ చెప్పాడు" అంది కాకమ్మ.

"నాకు నక్కబావే చెప్పాడు" అన్నాడు కోతిబావ.

"మరి రాయిని చూసిందెవరు?"

ముగ్గురూ ఒకళ్ల తోక ఒకళ్లు చూసుకున్నారు.

"నీ పదవి ఊడబెరుకుతా!" అంది సింహం.

"కుదరదు మహారాజా" అంది చిలక. "కుప్ప పెద్దదైనవాడే పెద్ద. తమరు పెట్టిన ఆచారమే."

సింహం అరికాల్లో ముల్లు పీక్కుంటూ ఆలోచించింది. కంతలు తెరిపిస్తే తప్పు ఒప్పుకున్నట్టవుతుంది. "అయితే పెద్దగానే ఉండు. కూర్చోవాల్సింది మాత్రం ఈ గుమ్మంలో, ముళ్లపంది పక్కన. వచ్చేపోయేవాళ్లకి 'చీకటి, జాగ్రత్త' అని చెబుతుండు. నీ వాటా నేనే తింటాలే."

ఇప్పుడు గుహకి వచ్చిన ప్రతి జంతువూ కాలికి ముల్లు గుచ్చుకుని నక్కబావని పేరు పెట్టి తిడుతోంది. అందరికంటే గట్టిగా ఎలుగమ్మ.

"ఎలుగమ్మా, నీకు దణ్ణం పెడతా, నా పేరెత్తకే!"

"ఎత్తకుండా ఎట్లా తిట్టను నక్కబావా?"

గుమ్మం మీద వాలిన చిలక టప్పున నక్కబావ కుప్పలో ఇంకో చింతగింజ పడేసింది. మళ్లీ తొలకరి వచ్చింది. "ఈ ఏడూ నక్కబావే!" అని చిలక కూసింది.

నీతి: పేరు మోగాలంటే ఒప్పు చెప్పక్కర్లేదు, అడవంతా తిట్టేంత తప్పు చెబితే చాలు.