నరం దొరికింది, ఎవిడెన్సే దొరకలేదు

చదువు బుర్రలో ఉండాలన్న పాత నమ్మకాన్ని మనం ఇంక వదిలిపెట్టాలి. బుర్రలో ఉన్నది ఎవరికి కనబడుతుంది? చేతిలో ఉన్నది అసలే కనబడదు. చదువు ఉండాల్సిన చోటు ఈ-పోర్ట్‌ఫోలియో. దాన్ని కనిపెట్టిన మహానుభావుడెవరో గానీ, ఆయనకి రెండు చేతులూ ఎత్తి దండం పెట్టాలని ఉంది. ఈ వారం కుడిచెయ్యి లేవక ఆగాను.

తెలియనివారికి చెబుతాను. కాలేజీ పిల్లలు ఇంటర్న్‌షిప్‌కి వెళ్తారు. అక్కడ నేర్చుకున్న ప్రతి పనినీ ఫొటో తీసి కాలేజీ వెబ్‌సైట్‌లో ఎక్కిస్తారు. దాని పేరు ఎవిడెన్సు. కింద "నాలో వచ్చిన మార్పు" అని రెండు వందల మాటలు రాస్తారు. పని నేర్పినవాళ్లు తమ ఫోన్‌లో "అవును, నేర్చుకున్నారు" అనే బటన్ నొక్కుతారు. ఇలాంటివి అరవై పోగైతే పాస్. యాభై తొమ్మిదైతే ఏమీ నేర్చుకోనట్టే.

ఎంత గొప్ప ఏర్పాటు! మా అమ్మ నలభై ఏళ్లు వంట చేసింది. ఒక్క ఫొటో లేదు. ఆవిడకి వంట వచ్చని ఇప్పుడు ఏ ఆధారంతో నమ్మాలి? మేం తిన్నాం, నిజమే. కానీ తిన్నవాళ్ల సాక్ష్యం చెల్లదు. నేను నడక నేర్చుకునేటప్పుడు ఎన్నిసార్లు పడ్డానో, పడ్డాక నాలో ఏ మార్పు వచ్చిందో ఎవరూ రాయించలేదు. అందుకే ఇప్పటికీ మెట్ల దగ్గర తడబడుతుంటాను.

ఈ జ్ఞానమంతా నాకు మా మేనకోడలి పుణ్యం. మా అక్క కూతురు. రక్తపరీక్షలు చేసే ల్యాబ్‌లో ఆరు నెలల ఇంటర్న్‌షిప్‌కి చేరింది. అది పాసైతే అక్కడే ఉద్యోగం ఇస్తామన్నారు. ఆ ఉద్యోగం మీద మా అక్క పెట్టుకున్న ఆశ ఇంతా అంతా కాదు.

పిల్ల మంచిదే గానీ లోకం తెలియనిది. పనికి పంపితే పని చేసేది!

ఆ ల్యాబ్‌లో పెద్ద టెక్నీషియన్ ఒకావిడ ఉంది. ముప్పై ఏళ్లుగా సూది పట్టిన చెయ్యి. ఆవిడ మొదటి రోజే చెప్పిందట, "నరాన్ని కళ్లతో వెతక్కమ్మా, వేలితో వెతుకు. వేలికి దొరికాకే సూది తియ్యి" అని. ఇంక మా పిల్ల కళ్లు మూసుకుని ఇంట్లో అందరి మోచేతులూ తడమడం మొదలుపెట్టింది. మా బావ పేపర్ చదువుతుంటే ఒక చెయ్యి దీని స్వాధీనంలో ఉండేది. నా దగ్గరికొచ్చి, "నీది దాక్కునే రకం మామయ్యా, ముట్టుకుంటే పక్కకి జరుగుతుంది" అని నెల్లాళ్లు వేలు పెట్టి చూసింది.

మూడో నెల వచ్చేసరికి ముసలివాళ్లు, చంటిపిల్లల తల్లులు "ఆ సన్నటి అమ్మాయిని పిలవండి" అని అడిగి మరీ కూర్చునేవారు.

మరి పోర్ట్‌ఫోలియోలో? తొమ్మిది. ఒక చేతిలో సూది, రెండో చేతి వేలు నరం మీద. ఫొటో ఏ చేత్తో తీస్తుంది? పోనీ తీసినదానికైనా పెద్దావిడ బటన్ నొక్కుతుందా అంటే, గ్లవ్స్ ఉన్నంతసేపూ ఆవిడ ఫోన్ ముట్టుకోదు, గ్లవ్స్ విప్పాక పాస్‌వర్డ్ గుర్తుండదు. ఇక రెండు వందల మాటల చోట మా పిల్ల రాసిందేమిటంటే: "ఈ రోజు పదిహేడు మందికి రక్తం తీశాను. ఒకాయనకి రెండోసారి గుచ్చాల్సి వచ్చింది. తొందరపడ్డాను, తప్పు నాదే." కాలేజీవారు ఎర్ర అక్షరాల్లో తిప్పికొట్టారు: "ఆత్మపరిశీలన చాలదు."

దీనితోపాటే చేరిన క్లాస్‌మేట్ ఒకతి ఉంది. ఆ పిల్ల ఎక్కడుంటే అక్కడ ఫోన్ వెలుగుతుంది కాబట్టి అందరూ ఫ్లాష్ అంటారు. ఎంత తెలివైన పిల్ల! మనుషుల జోలికి పోలేదు. కాలేజీలో ప్రాక్టీసు కోసం పెట్టిన రబ్బరు చేతికి రోజుకో చొక్కా తొడిగి, ఎర్రరంగు నీళ్లు ఎక్కించి, తొంభై నాలుగు ఫొటోలు తీసుకుంది. పెద్దావిడ ఫోన్‌లో కొత్త పాస్‌వర్డ్ పెట్టి, బటన్లు కూడా తనే నొక్కి, ఆవిడకి శ్రమ తప్పించింది.

ఒక సాయంత్రం మా ఇంటికొచ్చి, "అంకుల్, మీరు పేపర్‌లో రాస్తారు కదా, ఆ కింద మేటర్ కొంచెం ఫీలింగ్‌తో రాసిపెట్టరా?" అంది. పొగిడితే నేను కాదనలేను. సూది చూస్తే కళ్లు తిరిగే మనిషిని, రక్తం తీయడం మీద పంతొమ్మిది వేల మాటలు రాశాను. "రోగి పడ్డ నొప్పి ఆ క్షణాన నా చేతిలో ప్రవహించింది" అని రాసినప్పుడు నా కళ్లే చెమర్చాయి. మా పిల్లకీ రాసిపెడతానన్నాను.

"వద్దు మామయ్యా. తీసింది నేను కదా, నేనే రాసుకుంటా" అంది.

పొగరు కాకపోతే ఏమిటి?

ఫలితాలొచ్చాయి. ఫ్లాష్‌కి ఉత్తమ పోర్ట్‌ఫోలియో బహుమతి, ల్యాబ్‌లో ఉద్యోగం. మా పిల్లకి నలభై ఒకటి, అక్కడే ఇంకో ఆరు నెలల ఇంటర్న్‌షిప్. మా అక్క రెండు రోజులు అన్నం ముట్టలేదు. నాకూ బాధేసింది. ఇలాంటి వ్యాసంలో చెప్పకూడదు గానీ, వేసింది.

పోయిన మంగళవారం షుగర్ పరీక్షకని అదే ల్యాబ్‌కి వెళ్లాను. తెల్లకోటులో ఫ్లాష్. వెనక గోడ మీద ఫ్రేము కట్టిన బహుమతి పత్రం, దానిమీద బంగారు అక్షరాల్లో నా వాక్యం.

"అంకుల్ మీరా, రిలాక్స్ అవ్వండి" అంటూ గుచ్చింది. రాలేదు. ఇంకోచోట గుచ్చింది. "మీ నరాలు కోఆపరేట్ చెయ్యట్లేదు అంకుల్" అంది. ఆడలేక మద్దెల ఓడన్నట్టు! మూడోది ఎముక దాకా వెళ్లి పలకరించి వచ్చింది. నాలుగోదానికి నేను గోడ మీద అక్షరాలు చదువుకుంటున్నాను. నొప్పి ఎవరి చేతిలో ప్రవహిస్తోందో నాకు స్పష్టంగా తెలిసింది. చేసుకున్నవాడికి చేసుకున్నంత.

ఇంతలో మా పిల్ల వచ్చింది. "అటు చూడు మామయ్యా" అని వేలు పెట్టింది. కాసేపాగి, "ఎప్పుడు గుచ్చుతావే?" అన్నాను.

"అయిపోయింది. దూది గట్టిగా నొక్కిపట్టు."

అప్పుడే పక్కన తళుక్కుమంది. ఫ్లాష్ ఫొటో తీసింది. "అలవాటు అంకుల్. మొహాలు రాలేదులెండి, చేతులే" అంది.

మా పిల్ల మొహం వెలిగిపోయింది. ఈసారి దాని లెక్క యాభై తొమ్మిది దగ్గర ఆగి ఉంది. "ఆ ఫొటో నాకూ పంపవే" అని బతిమాలి పంపించుకుంది. మర్నాడు పెద్దావిడని పక్కన కూర్చోబెట్టి, పాస్‌వర్డ్ మార్పించి, బటన్ నొక్కించి అప్‌లోడ్ చేసింది.

గురువారం కాలేజీ నుంచి జవాబొచ్చింది: "ఈ ఫొటో మా ఉత్తమ విద్యార్థిని పేజీలో మొన్ననే వచ్చింది. ఇతరుల పనిని మీదిగా చూపడం తీవ్రమైన తప్పు. తిరస్కరించడమైనది."

చెయ్యి నాది, వేళ్లు మా పిల్లవి, ఆ పేజీలో ఫొటో అడుగున వాక్యం నాది, పేరు ఫ్లాష్‌ది. నిజం చెబుదామని నేనే కూర్చుని ఆ వెబ్‌సైట్ మొత్తం వెతికాను. నా దగ్గర ఎవిడెన్స్ ఉంది మరి. మోచేతి మీద కమిలిన మచ్చలు నాలుగు, వాటి పక్కన కళ్లజోడు పెట్టుకున్నా కనబడని చుక్క ఒకటి. నేర్చుకున్నవాళ్లకి గడి ఉంది, నేర్పినవాళ్లకి గడి ఉంది. గుచ్చించుకున్నవాళ్లకి లేదు.