ఉదయకిరణుని సమ్మతిపత్ర సంగ్రామము

ఎర్రసముద్రపు ఉప్పుగాలి ఏసీలకు ఓడి వాకిటనే కూలబడు జెద్దా మహానగరమున, మిట్టమధ్యాహ్నపు ఎండ అద్దాల మేడలపై కత్తులు నూరుచున్న ఒకానొక గురువారమున, ప్రయోగశాలలో పుట్టిన మందును రోగి చెంతకు చేర్చు విద్యను రెండేండ్లు అభ్యసించినవాడును, ఎలుకల రక్తమునకు వెరవనివాడును, మూడువందల స్లైడ్లు చూపి గురువులను నిద్రపుచ్చినవాడును అగు గుంటూరు వీరుడు ఉదయకిరణుడు సమరమునకు వెడలెను. చెవులొగ్గి వినుడు!

ఏమా సమరము? ఒక్క రోగికి, ఒకే ఒక్కనికి, కొత్త మందు ప్రయోగపు సమ్మతిపత్రమును వివరించి తెలుగెరిగిన పరీక్షకురాలు డాక్టర్ సల్మా చేత పాసనిపించుకొనవలెను. లేనిచో పట్టా లేదు. నేడే కడపటి దినము.

ఎదుట మొండయ్య. జగిత్యాలవాడు, కట్టడపు పనివాడు, షుగరు వలన మానని పుండు కుడిపాదమున మోయువాడు. అతనికి చదువు రాదు గనుక, అతనికి అర్థమైనదని సంతకము చేయుటకు బయటివాడొక సాక్షి ఉండవలెనని నియమము. ఆసుపత్రి క్యాంటీనులో టీ కాచు కడప బాబావలి ఆ పీఠము నలంకరించెను.

అంతట వీరుడు పదునెనిమిది పుటల మహాధనుస్సును ఎక్కుపెట్టి గర్జించెను: "ఓ భాగస్వామీ! ఈ యాదృచ్ఛికీకృత ద్విముఖాంధ ప్రయోగమునందు క్రియాశీల లేపనమో నిష్క్రియ లేపనమో నీకు కేటాయింపబడును! స్వచ్ఛంద ఉపసంహరణాధికారము నీకు సర్వావస్థలయందును కలదు!"

ఈ వాక్యములను ఎవ్వరో నోటితో ఒకమారైనను పలికి చూడకయే తెలుగు చేసిరి. పండితమండలి చదువకయే ముద్ర వేసెను. ప్రతి పుట అడుగున తేదీ మాత్రము దివ్యముగానున్నది.

"అర్థమైందాండీ?" అని వీరుడు మామూలు గొంతుతో అడిగెను.

"అయింది సారూ. ఏడ పెట్టాలె వేలు?"

విజయదుందుభులు మ్రోగబోయెను. సిరా డబ్బా ముందుకు జరిగెను.

"ఒక నిమిషం సామీ," అనెను బాబావలి. "ఆయప్పకు అర్థమైందని నేను గదా సంతకం పెట్టాల్సింది. నాకే ఒక్క ముక్క అర్థం కాలే. ఆయప్పకు ఎట్లయింటాది?"

పిడుగు పడెను! వీరుడు మొదటి పుటను మరల బిగ్గరగా చదివెను. అర్థము కానిది అరచినచో అర్థమగునని విద్వాంసుల విశ్వాసము. నాలుగుమారులు చదివెను. గొంతెండెను. బాబావలి తల అడ్డముగనే ఊగెను.

"పెట్టరాదే అన్నా!" అని మొండయ్య విసుగుకొనెను. "మూడింటికి క్యాంపుల లేకపోతే ముదీర్ సారు తిడ్తడు."

డాక్టర్ సల్మా గడియారము చూచి మార్కుల కాగితముపై కలము మోపెను. అది కని వీరుడు, రెండేండ్లలో ఏ గురువును నేర్పని అస్త్రమును ప్రయోగించెను. కాగితములు బోర్లించెను.

"మొండయ్య గారూ, రెండు రకాల డబ్బాలున్నాయండి. ఒకదాంట్లో కొత్త మందు, ఇంకోదాంట్లో ఉత్త జిగురు. చీటీ తీసినట్టు ఏదో ఒకటిస్తారు. ఏదొచ్చిందో మీకూ తెలీదు, నాకూ తెలీదు. పన్నెండు వారాలు, వారంవారం రావాలి. వద్దనొచ్చు. వద్దన్నా ఇప్పుడు కట్టే కట్టు ఆపరండి."

మొండయ్య కుర్చీలో నిటారుగా కూర్చుండెను. "ఏందీ? వద్దన్నా కట్టు కడ్తరా?"

"కడతారండి."

"గా ముచ్చట ముందుగాల చెప్పద్దా సారూ! కట్టు బంద్ జేస్తరనే గదా వేలు పెడ్తనన్న. నెలన్నరల నా ఎగ్జిట్ ఉన్నది, ఇంటికి వోతున్న. పన్నెండు వారాలు నాతోని గాదు. నాకొద్దు."

"ఇప్పుడు నాకూ అర్థమైంది," అనెను బాబావలి. "ఏడ పెట్టాల సంతకం?"

"ఇంక అక్కర్లేదు బాబావలీ," అని డాక్టర్ సల్మా నవ్వెను. "ఉదయ్, నీకు ముందు పదిమంది స్టూడెంట్లు వేలిముద్రలు తెచ్చారు. అర్థమైన రోగి ఒక్కడూ లేడు, పదిమందినీ వెనక్కి పంపా. నువ్వు పాస్."

మొండయ్య కట్టు గదికి కుంటుచు నడచెను. దిక్కులు పిక్కటిల్లునట్లు చాటుడు, శాస్త్రజ్ఞులారా! ఇన్ని మేడలును, ఇన్ని యంత్రములును, ఇందరు పండితులును ఏకమై, జెద్దా నగరమున, ఒక మనుష్యుని చేత తెలిసి తెలిసి ఒక్క "వద్దు" అనిపించగలిగిరి!