ఉండీ లేని సారు

సోమవారం పొద్దున కోటేష్ అనుకున్నది చాలా చిన్న పని. తొమ్మిదికి ముందే జూలూరుపాడు నుంచి బండి మీద బోడగుట్ట తండా బడికి చేరాలి. ఫోన్‌కు ముఖం చూపించి హాజరు వేసుకోవాలి. మూడో తరగతికి ఎక్కాలు, ఐదో తరగతికి భిన్నాలు మొదలుపెట్టాలి. ఐదు తరగతులకూ కలిపి ఆ బడిలో టీచరు ఆయనొక్కడే. పదకొండేళ్లుగా ఒక్కరోజు కూడా ఆలస్యంగా రాని మనిషని తండాలో పేరు.

అయితే ఆ రోజు జేబులో ఉన్నది శనివారం నాటి ఫోన్ కాదు. అంతకు ముందు నెల కోటేష్ వాళ్లమ్మ మోకాళ్ల నొప్పులకని ఏదో నూనె గురించి ఒక్కసారి వెతికాడు. ఆ రోజు నుంచి ఏది తెరిచినా ఆ నూనె ప్రకటనే. పిల్లలకు మొక్క భాగాల వీడియో చూపిస్తుంటే వేరుకూ కాండానికీ మధ్య నూనె పాట వచ్చింది. మర్నాడు ప్రార్థనలో ఒకటో తరగతి పిల్లలు దాన్నే పాడారు.

ఏ యాప్ వేసుకున్నా షరతులన్నీ చివరిదాకా చదివే అలవాటు కోటేష్‌ది. ఈ నూనె వదిలే దారి కోసం మూడు వారాలు కూర్చుని చదివాడు. ఫోన్‌తో పాటు వచ్చిన సాఫ్ట్‌వేర్ మొత్తం తీసేసి, మన వివరాలు ఎవరికీ చేరవేయని వేరే ఆపరేటింగ్ సిస్టమ్‌ను ఆదివారం నాడు ఎక్కించాడు. ఫోన్ నోరు మూసుకుంది. నూనె లేదు, అప్పులిస్తామనే వాళ్లు లేరు. ఆ సాయంత్రం ఆయన నిదానంగా రెండు కప్పుల టీ తాగాడు.

సోమవారం బడిలో హాజరు యాప్ తెరిస్తే, అది ఆయన ముఖం చూడకుండానే "ఈ పరికరం నమ్మదగినది కాదు" అని చెప్పి మూసుకుపోయింది. హెల్ప్‌లైన్‌కు ఫోన్ చేశాడు. కంపెనీ ఇచ్చిన సాఫ్ట్‌వేర్ ఉంటేనే యాప్ నమ్ముతుందని, పాతదే మళ్లీ ఎక్కించుకొమ్మని అక్కడి అమ్మాయి చెప్పింది. దానికన్నా ఇదే భద్రమని కోటేష్ ఇరవై నిమిషాలు వివరించాడు. ఆమె ఓపిగ్గా అంతా విని, మీ సమస్య తీరిందా అని అడిగింది.

ఇంటికొచ్చాక ఆయన భార్య శ్రావణి తేలికైన దారి చూపించింది. తన ఫోన్ పట్టుకుపోయి అందులో హాజరు వేసుకొమ్మంది. కోటేష్ ఒప్పుకోలేదు.

"నేను బడిల ఉన్ననని చెప్పుకునేటందుకు మన ఇంటి ముచ్చట్లన్నీ ఎవరికో చూపియ్యాల్నా?" అన్నాడు.

నాలుగు రోజులు ఆయన పాఠాలు చెప్పాడు, కాగితం రిజిస్టర్లో సంతకాలు పెట్టాడు, కంప్యూటర్లో మాత్రం గైర్హాజరయ్యాడు. శుక్రవారం పొద్దున బడి ముందు ఒక స్కూటీ ఆగింది. దిగినావిడ పేరు నాగలత, సత్తుపల్లి వైపు మనిషి.

"మీరెవరండీ?" అని అడిగింది.

"ఈ బడి టీచర్‌ను."

"ఈ బడికి టీచర్ లేరనే కదండీ నన్ను డెప్యుటేషన్ మీద వేశారు," అంటూ ఆవిడ ఉత్తర్వు చేతికిచ్చింది.

కోటేష్ దాన్ని రెండుసార్లు చదివాడు. తాను లేడన్న సంగతి తప్ప అందులో తప్పేమీ కనబడలేదు. ఈలోగా నాగలత తన ఫోన్ తీసింది. తెర మీద మూడు పగుళ్లు, లోపల టార్చి యాప్‌లే నాలుగు, పైన లాటరీ తగిలిందని ఒక మెసేజ్. హాజరు యాప్ ఆ ఫోన్‌ను చూసి క్షణం కూడా అనుమానపడలేదు. కోటేష్‌కు మనసులో కలుక్కుమంది.

మధ్యాహ్నానికి ఆ బాధ పోయింది. చిన్న తరగతులు ఆవిడ తీసుకుంది, పెద్దవి ఆయన తీసుకున్నాడు. పదకొండేళ్లలో మొదటిసారి భిన్నాల పాఠం మధ్యలో ఆగకుండా చివరిదాకా సాగింది. రెండో టీచరు కావాలని ఆయన అడిగినప్పుడల్లా పిల్లలు చాలరని ఆఫీసు నుంచి జవాబొచ్చేది. ఇప్పుడు అడగకుండానే వచ్చింది. ఆ మాట తండాలో పాకి, వారం తిరిగేసరికి ప్రైవేటు బడి వ్యాన్ ఎక్కే ఆరుగురు పిల్లలు వెనక్కి వచ్చి ఇక్కడే చేరారు. బడి కమిటీ అధ్యక్షురాలు పూలి పనిగట్టుకుని వచ్చింది.

"సారూ, మీ ఫోన్ బాగైందా?"

"ఇంక కాలే."

"జల్ది ఏం లేదు. గట్లనే ఉండనీ."

అప్పటిదాకా అది కోటేష్ పంతం. ఇక నుంచి తండా అవసరం అయింది. అంతలో నోటీసు వచ్చింది: చెప్పకుండా మానేసినందుకు సంజాయిషీ ఇవ్వకపోతే జీతం ఆగుతుందని. బడిలోనే ఉన్నానని కోటేష్ రాసి పంపాడు. ఉన్నట్టు రుజువును హాజరు యాప్ ద్వారానే పంపాలని జవాబొచ్చింది. జీతం మాట విని శ్రావణి రెండు రోజులు ఆయనతో మాట్లాడలేదు.

నాగలత వచ్చిన మరుసటి వారం, శనివారం నాడు మండల విద్యాధికారి మురళీకృష్ణ విచారణకు వచ్చాడు. వరండాలో ఎక్కాలు అప్పజెప్పించుకుంటున్న మనిషిని చాలాసేపు చూశాడు.

"కోటేష్ అంటే మీరేనా? పన్నెండు రోజుల సంది మీరు లేరని రిపోర్టుంది."

"ఉన్న సార్," అన్నాడు కోటేష్.

అధికారి కుర్చీలో కూలబడ్డాడు. ఉన్నాడని రాస్తే నాగలత ఉత్తర్వు రద్దవుతుంది. లేడని రాస్తే, తనకు మంచినీళ్లిచ్చి ఎదురుగా నిలబడ్డ మనిషిని సస్పెండ్ చేయాలి. కలం పట్టుకుని ఆలోచిస్తుంటే పూలి ముందుకొచ్చింది.

"సారు ఉంటే బడికి ఒక్కరు, లేకుంటే ఇద్దరు. గిదేం లెక్క సార్? పిల్లలను లెక్కవెట్టుండ్రి, సార్లను కాదు."

మురళీకృష్ణ లేచి పిల్లలను స్వయంగా రెండుసార్లు లెక్కపెట్టాడు. ఆరుగురు కొత్తగా చేరడంతో రెండో పోస్టుకు కావాల్సిన సంఖ్య దాటింది. అక్కడికక్కడే సిఫారసు రాశాడు. కోటేష్‌కు మాత్రం ఒక మాట చెప్పాడు. హాజరు కోసమే ఒక పాత ఫోన్ తెచ్చి బడి బీరువాలో పెట్టుకొమ్మన్నాడు.

"అండ్ల నా ముఖం తప్ప ఇంకేం వెట్టను సార్," అని కోటేష్ ఒప్పుకున్నాడు.

నెల తిరక్కుండానే రెండో పోస్టు మంజూరై నాగలత ఉండిపోయింది. ఇక మిగిలింది ఆ పన్నెండు రోజులే. జీతం రావాలంటే వాటిని ఏదో ఒక సెలవుగా చూపాలి. గడిచిన తేదీలకు యాప్ ఒప్పుకున్న సెలవు ఒక్కటే ఉంది, బిడ్డ పుట్టిన తండ్రులకిచ్చేది. మురళీకృష్ణ దాన్నే నొక్కాడు. సాయంత్రానికి మండలంలోని టీచర్లంతా కోటేష్‌కు అభినందనలు పంపారు.

శ్రావణికి ఈ శుభవార్త అందరికన్నా చివర తెలిసింది.