ఇనప బీరువా సాక్ష్యం

భక్తి కుదరాలంటే ఇంట్లో ఇనప బీరువా ఉండి తీరాలి. ఈ మాట నేను తేలిగ్గా అనడం లేదు. యాకుత్‌పురా స్టేషన్ వెనకాల మా గల్లీలో నా కళ్ల ముందు జరిగినదాన్ని బాగా ఆలోచించుకున్న మీదటే అంటున్నాను.

ఉపవాసాలతో రాని మార్పు, చర్చిలో పెట్టే ఉజ్జీవ కూటాలతో రాని మార్పు ఒక మనిషిలో బీరువాతో వచ్చింది. నమ్మరా? అయితే ఆనందరావు సంగతి వినండి.

ఆనందరావు మా ఎదురింటి మనిషి. సర్కారు ఫ్యాక్టరీలో ఫిట్టరు. భార్య నీలమ్మ, తల్లి ఆగమ్మ. కూతురికి పెళ్లయి సైదాబాద్‌లో ఉంటుంది. వీళ్లది ఒక్క గది ఇల్లు. వెనకాల వంటకు కాస్త చోటు, ముందు రేకుల వరండా. గదిలో ఓ మూల ఆగమ్మ నులక మంచం ఉండేది. మోకాళ్లు పట్టేసి ఆమె నడవలేదు. పొద్దున, సాయంత్రం ఆ మంచం మీదే కూర్చుని పాటెత్తుకుంటే, కొడుకూ కోడలూ కింద చాప మీద కూర్చుని గొంతు కలిపేవారు. చూడ్డానికి బాగానే ఉండేది గానీ, బీరువా లేని భక్తి ఎంతకాలం నిలుస్తుంది చెప్పండి?

ఓ ఆదివారం మా పాస్టరు ప్రకాశంగారు ధనాన్ని గురించి ప్రసంగించారు. ఈ లోకంలో కూడబెట్టుకున్నది పురుగు తింటుందనీ, తుప్పు తింటుందనీ, మిగిలితే దొంగలు పట్టుకుపోతారనీ గొంతు బొంగురుపోయేదాకా చెప్పారు. మేమందరం తలలూపాం. తర్వాత ఇళ్లకు వెళ్లి కూరలో ఉప్పు ఎక్కువైందని పోట్లాడుకున్నాం. ఆనందరావు ఒక్కడే ఆ మాటలు మనసుకు పట్టించుకున్నాడు. చర్చి నుంచి తిరిగి వస్తూ గల్లీ మలుపులో ఆగి నాతో అన్నాడు.

"అన్నా, అయ్యగారు చెప్పింది నిజమే. మా నీలమ్మ పట్టుచీరకు మొన్ననే పురుగు పట్టింది. ట్రంకుపెట్టె అడుగంత తుప్పే. ఇగ దాని తాళమంటవా, తలపిన్నుతోటి నేనే తీసిన. గిట్లుంటె ఎట్ల?"

"మరి ఏం జేస్తవు?"

"బీరువా కొంట."

ప్రసంగాలు విని ఆచరించేవాళ్లు ఈ రోజుల్లో లేరని బాధపడే పెద్దలు ఈ సంగతి రాసి పెట్టుకోవాలి.

ఫ్యాక్టరీలో బోనస్ ఇవ్వగానే ఇద్దరం బేగంబజార్ వెళ్లాం. దుకాణం సేఠ్ ఆకుపచ్చ రంగు బీరువా ఒకదాన్ని అరచేత్తో గట్టిగా కొట్టి, "లే జావ్ సాబ్. చోర్ థక్ జాయెగా, తాలా నై టూటేగా" అన్నాడు. దొంగైనా అలసిపోవాలి గాని తాళం పగలదని భరోసా! ఇంత ఖాయమైన భరోసా మా పాస్టరుగారు పరలోకం గురించి కూడా ఎప్పుడూ ఇవ్వలేదు. ఆనందరావు ముఖం వెలిగిపోయింది.

బండి మీద బీరువా గల్లీలోకి వచ్చేసరికి జనమంతా బయటికి వచ్చారు. తీరా చూస్తే అది దర్వాజాలో పట్టదు. ఎల్లప్ప మేస్త్రీని పిలిచి దర్వాజా ఊడదీయించారు. బీరువాను లోపలికి చేర్చాక దర్వాజాను మళ్లీ నిలబెట్టి సిమెంటు పూయించారు. అప్పుడు తెలిసింది అసలు ఇబ్బంది. బీరువా, నులక మంచం రెండూ ఉంటే గదిలో మనిషి మసలలేడు. ఏదో ఒకటి బయటికి పోవాలి.

ఆనందరావు మీద నింద వేయకండి. అన్ని వైపులా ఆలోచించాడు. బీరువాను వరండాలో పెట్టుకునేవాళ్లు ఎక్కడైనా ఉన్నారా?

"బయట గాలి మంచిగొస్తది అవ్వా" అన్నాడు మంచం మోసుకొస్తూ.

"వస్తది కొడుకా" అంది ఆగమ్మ. "రైలు గూడ కనవడ్తది."

మరుసటి ఆదివారం ఆనందరావు చర్చిలో నిలబడి సాక్ష్యం చెప్పాడు. దేవుడు తన కుటుంబాన్ని ఎంతగా హెచ్చించాడో వివరించాడు. అందరం స్తోత్రం చెప్పాం. అతని మెడలో దారానికి చిన్న సిలువ ఉండేది. ఇప్పుడు అదే దారానికి బీరువా తాళంచెవి కూడా వచ్చి చేరింది. తాళంచెవి బరువుకు సిలువ పక్కకు ఒరిగిపోయింది గానీ, రెండూ గుండెల మీదే ఉన్నాయి గదా.

ఇక చూడండి మార్పు. ఇదివరకు ప్రార్థనలో కళ్లు మూసుకున్న వెంటనే ఆనందరావుకు గురక వచ్చేది. మెలకువగా ఉండి ప్రార్థించమని పాస్టరుగారు ఎన్నిసార్లు చెప్పినా ప్రయోజనం లేకపోయింది. ఇప్పుడు ఒక కన్ను మూస్తే రెండో కన్ను వాకిలి మీద ఉంటుంది. గురక మాట మరిచిపోయాడు.

నీలమ్మ సంగతి? మంచి చీరలన్నీ బీరువాలోకి చేరాయి. తీస్తే మడత నలుగుతుందని ఆమె వాటి జోలికి పోదు. లోపల పట్టు, ఒంటి మీద అతుకులు. సంఘంలో స్త్రీలకు నిరాడంబరతను గురించి ఇంతకంటే గొప్పగా బోధించగలిగిన వాళ్లెవరు?

లోకంతో స్నేహం కూడా తగ్గిపోయింది. పెళ్లిళ్లకు పోవడం మానేశారు. సైదాబాద్‌లో కూతురి ఇంటికీ పోవడం లేదు. ఇల్లు ఒంటరిగా వదిలేస్తే ఎలా? చర్చికి మొదట ఒక వారం ఆయన, ఒక వారం ఆమె వచ్చేవారు. తర్వాత ఆ శ్రమ భార్యకు వద్దని ఆనందరావే కాపలా మొత్తం తన మీద వేసుకున్నాడు. చర్చికి రాకపోతేనేం, అతని మనసు మాత్రం ఎప్పుడూ ఒక్కచోటే నిలిచి ఉండేది. నాకైతే వాక్యం చదువుతున్నప్పుడు కూడా మనసు హోటల్ ఇడ్లీ మీదికి పోతుంది.

ఆనందరావు ఎందుకు రావడం లేదో కనుక్కోవాలని పాస్టరుగారు ఓ సాయంత్రం వాళ్లింట్లో ప్రార్థన పెట్టారు. గదిలో చోటు లేదు గనుక వరండాలో ఆగమ్మ మంచం చుట్టూ కూర్చున్నాం. పక్కింటి రుక్మాబాయి కూడా పాల చెంబు ఒళ్లో పెట్టుకుని ఓ పక్కగా కూర్చుంది. వాళ్లకు బర్రెలున్నాయి, పాల వ్యాపారం. ఆమె మా సంఘం మనిషి కాదు. ఆగమ్మ పాట వినడం ఆమెకు ఇష్టం, అంతే. ఆనందరావు మాత్రం గడప లోపల, బీరువాకు వీపు ఆనించి నిలబడ్డాడు.

"బయటికొచ్చి కూచో ఆనందరావూ" అన్నారు పాస్టరుగారు.

"ఈడికెల్లి మంచిగ ఇనొస్తది అయ్యగారూ."

"ఇంతకీ అందులో ఏం దాచినవయ్యా?"

"ఏముంటయి అయ్యగారూ. నీలమ్మ చీరలు, పెండ్లి ఫోటో, ఫ్యాక్టరీ కాగితాలు. ఇగ ఒక ఉన్ని దుప్పటి."

"దుప్పటా?"

"మస్తు మంచి దుప్పటి. అవ్వ కప్పుకుంటదని నా బిడ్డ తెచ్చిచ్చింది. వాడితె పాడైతదని లోపల పెట్టిన."

ఆగమ్మ పైట కొంగు భుజం మీదికి లాక్కుని, "పాట అందుకోన్రి, పొద్దుపోతున్నది" అంది. పాస్టరుగారు ఆ రోజు ప్రసంగం చేయలేదు. చిన్న ప్రార్థన చేసి వెళ్లిపోయారు.

ఆ తర్వాత వానలు మొదలయ్యాయి. ఓ మధ్యాహ్నం నీలమ్మ కిరోసిన్ లైనులో నిలబడడానికి పోయింది. ఆనందరావు డ్యూటీలో ఉన్నాడు. పోయేముందు ఆమె అలవాటు ప్రకారం ఇంటికి తాళం వేసింది. అత్త వరండాలోనే ఉంది గదా, ఇంట్లో లేదు గదా. అంతలో ఆకాశం నల్లబడి ఒక్కసారిగా గాలివాన పట్టుకుంది. వరండా మీది రేకు ఒకటి లేచిపోయింది. ఆగమ్మ మంచం దిగలేదు, దిగినా లోపలికి పోలేదు. వానంతా ఆమె మీదే పడింది.

ఆమె కేకలు పెట్టలేదట. పాట పాడుతోందట. వాన చప్పుడులో ఆ పాట రుక్మాబాయికి వినపడింది. ఆమె, భర్త రామ్‌చందర్ పరుగెత్తుకొచ్చి ఆగమ్మను మంచంతో సహా ఎత్తుకుని తమ ఇంటికి తీసుకుపోయారు. బర్రెల కొట్టం పక్కన పొడిగా ఉన్న చోట పడుకోబెట్టి, తల తుడిచి, వేడిపాలు తాగించారు.

సాయంత్రం ఆనందరావు తడిసి ముద్దయి వచ్చాడు. అప్పుడు నేను అక్కడే ఉన్నాను. నీలమ్మ అప్పుడే వచ్చి తలుపు తీసింది. ఆనందరావు గబగబా లోపలికి పోయాడు. తెరిచిన తలుపులోంచి బీరువా అద్దం మీద జల్లు పడింది. మెడలోని తువ్వాలు తీసి, పైనుంచి కిందిదాకా తుడిచాడు. హ్యాండిల్ తిప్పి చూశాడు. ఆ తర్వాత వరండాలోకి వచ్చి ఖాళీగా ఉన్న చోటు వైపు చూశాడు.

"అవ్వేది?" అన్నాడు.

నేను చేత్తో రుక్మాబాయి ఇంటి వైపు చూపించాను.

వెళ్లేసరికి ఆగమ్మకు జ్వరం. రుక్మాబాయి ఇచ్చిన పాత బొంత కప్పుకుని ఉంది. ఆనందరావు మంచం పక్కన కూలబడ్డాడు.

"ఇంటికి పోదాం పా అవ్వా."

"ఈడ్నే మంచిగున్నది కొడుకా. జాగ మస్తున్నది."

"బర్రెల నడుమ ఎట్లుంటవే?"

"బర్రెలు నన్ను జరుగుమంటలేవు" అంది ఆగమ్మ. ఆమె గొంతులో కోపం లేదు. ఉన్నమాట చెప్పింది.

రుక్మాబాయికే జాలి వేసింది. "ఉండనియ్యి అన్నా. ఆమె పాడ్తుంటె మా బర్రె గూడ నిమ్మళంగ పాలిస్తది. నువ్వు ఫికర్ జెయ్యకు."

ఆనందరావు తల వంచుకుని ఇంటికి పోయాడు. కాసేపటికి ఉన్ని దుప్పటి తెచ్చి తల్లికి కప్పాడు. కలరా ఉండల వాసనకు ఆమె తుమ్మింది. అతను ఆమె పాదాల దగ్గర దుప్పటి సర్దుతూ చాలాసేపు అక్కడే ఉండిపోయాడు. ఇంటికి తిరిగి వచ్చాక నా ఎదుటే నీలమ్మతో అన్నాడు.

"బీరువా వరండల పెడ్దాం. అవ్వ మంచం లోపల ఏద్దాం. ఎల్లప్పను పిలుస్త, దర్వాజ మళ్ల తీపిస్త."

నీలమ్మ వెంటనే కాదనలేదు. బీరువా వైపు చూసి, "పెడ్దాం. గని వానలు పోనియ్యి. గిప్పుడు బయట పెడ్తె పెయింటంత పోతది" అంది.

ఆనందరావు ఆలోచనలో పడ్డాడు. వానలు వెనకబట్టాయి. ఇప్పటికీ ఆలోచిస్తూనే ఉన్నాడు.

ఆగమ్మ జ్వరం తగ్గింది. ఆమె రుక్మాబాయి ఇంట్లోనే ఉంటోంది. మా ప్రార్థన కూడికలు ఇప్పుడు బర్రెల కొట్టం ముందే జరుగుతున్నాయి. ఆనందరావు రోజూ వస్తాడు. తల్లి కాళ్లు పిసుకుతాడు. మధ్యమధ్య తన ఇంటి తలుపు కేసి చూసుకుంటాడు. పాస్టరుగారు మాత్రం ధనాన్ని గురించి ప్రసంగించడం మానేశారు. పోయినసారి ప్రసంగం విని ఆనందరావే కాదు, సంఘంలో ఇంకా కొందరు బీరువాలు కొన్నారని ఆయనకు ఆలస్యంగా తెలిసింది.

కాబట్టి విశ్వాసులారా, సందేహించకండి. బీరువా కొనండి.

తయారుచేసేవారికి మాత్రం ఒక్క మనవి. మీ అరలన్నీ మడతపెట్టిన చీరల కొలతకే ఉంటున్నాయి. అడుగు అరనైనా కాస్త పొడుగ్గా చేయించండి. ఒక ముసలి తల్లి కాళ్లు ముడుచుకుని పడుకోవడానికి సరిపోతే చాలు. ఆమెకు చినుకు తగలనివ్వం, దుమ్ము పడనివ్వం. తాళం వేసి మరీ ప్రాణంలా చూసుకుంటాం.