ఐసిల్డమ్మ సీసాకు సాక్ష్యం కావాలి

ఆగండాగండి, చేతిలో పని కాస్త పక్కన పెట్టి ఇది వినండి. గంజాయి ఇక నేరం కాదు, వైద్యం. దాని తొలి ఫలం ఇన్నాళ్లూ దానివల్ల కేసుల్లో ఇరుక్కుని అవస్థలు పడ్డ పేదలదే అని జమైకా ప్రభుత్వం సెలవిచ్చింది. రాజధాని కింగ్‌స్టన్‌లో చప్పట్లు మోగాయి. ఆ చప్పట్లు కొండెక్కి ఐసిల్డమ్మ గుమ్మం చేరేసరికి ఒక ఫారం అయ్యాయి.

డెబ్బై ఏళ్ల ఐసిల్డమ్మ ఘాటైన రమ్ములో గంజాయి ఆకు నానబెట్టి సీసాల్లో పోస్తుంది. కొండ మీద ఆస్పత్రి లేదు. ఎవరి మోకాళ్లు పట్టేసినా ఆ సీసానే దిక్కు. ఇంటికి ఐదు మొక్కలైతే ఎవరూ అడగరు. ఆవిడవి ముప్ఫై. శుక్రవారంలోగా ‘సంప్రదాయ సాగుదారు’ లైసెన్సు రాకపోతే పోలీసులొచ్చి పీకేస్తారు.

లైసెన్సు ఆఫీసులో పెన్నీకుక్ అనే అధికారి ఫారం తిరగేశాడు.

“నలభై ఏళ్లుగా పండిస్తున్నారని రుజువేది మామ్మా?”

“యామ్ దుంపల పాదుల మధ్య దాచి పెంచాను నాయనా. రుజువు దొరికుంటే జైల్లో ఉండేదాన్ని.”

“జైలు కాగితమైనా పర్లేదు. సాక్ష్యంగా తీసుకుంటాం.”

“అదిస్తే లైసెన్సిస్తారా?”

“ఇవ్వం. జైలుకెళ్లినవాళ్లకి కుదరదు.”

“మరెవరికిచ్చారయ్యా?”

“ఒక కంపెనీకి. గోల్ఫ్ మైదానం పక్కన దుకాణం పెట్టారు. సీసా పేరు ‘అమ్మమ్మ వైద్యం’.”

“ఎవరి అమ్మమ్మ?”

“బొమ్మ గీయించార్లెండి. పోనీ, మీ మందు వాడిన పెద్దమనిషెవరైనా రాసిస్తే చూద్దాం.”

ఆవిడ తిన్నగా రిటైరైన పోలీసు సార్జెంటు బాంక్రాఫ్ట్ ఇంటికెళ్లింది. ఆయన వరండాలో కూర్చుని ఆవిడ మందే మోకాళ్లకు పట్టిస్తున్నాడు.

“నీ సీసా లేకపోతే మెట్లు దిగలేనక్కా. కానీ రాసిచ్చాననుకో, తెలిసీ ఇన్నేళ్లు ఎందుకు పట్టుకోలేదంటారు. నా పింఛను ఊడుతుంది.”

గురువారం ఆవిడ ఉత్త చేతులతో లైసెన్సు ఆఫీసుకి తిరిగొచ్చింది. పెన్నీకుక్ తలుపు వేసి, గొంతు తగ్గించాడు.

“మామ్మా, మోకాళ్ల నొప్పితో మా అమ్మ మంచం దిగి నెలైంది. కంపెనీ మందు పూశాం. వాసన బ్రహ్మాండం, నొప్పి అలాగే ఉంది. మీదొకటి ఇస్తారా?”

ఐసిల్డమ్మ సంచిలోంచి సీసా తీసి బల్ల మీద పెట్టింది. పెట్టిన చెయ్యి మాత్రం దాని మీంచి తియ్యలేదు.

“పట్టుకెళ్లు నాయనా, డబ్బులొద్దు. ఈవిడ మందు బాగా పనిచేస్తుందని విని మా అమ్మ కోసం తీసుకున్నానని రాసి సంతకం పెట్టు.”

“నేనా? నా ఉద్యోగమేం కావాలి?”

“పెద్దమనిషి రాయాలన్నావుగా.”

అతను కలం తీశాడు, మూత పెట్టాడు, మళ్లీ తీశాడు. ఆవిడ చెయ్యి అలాగే ఉంది. ఆ కుర్చీలో మీరుంటే ఏం చేస్తారు, సంతకం పెడతారా, లేక ఉత్త చేతులతో అమ్మ దగ్గరికెళ్తారా?